నోదా పట్టణంలో తెల్ల బెల్టు: నింజుత్సు నేర్చుకోవడంలో నా మొదటి ఏడాది

నింజుత్సు, అంటే పాతకాలపు జపాను వేగులవాళ్ళైన నింజాల విద్య, నేర్చుకోవడానికి వెళ్తానని ఇంట్లో మొదటిసారి చెప్పినప్పుడు మా ఆవిడ వారించలేదు, నవ్వనూ లేదు. ఇన్సూరెన్సు కాగితాలు ఏ ఫైలులో ఉన్నాయో చూపించి వెళ్ళమని మాత్రం అడిగింది. అప్పటికి నాకు 38 ఏళ్ళు. టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీ, వారానికి రెండు మూడుసార్లు నడుంనొప్పి. చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టున కబడ్డీ ఆడిన ఒళ్ళు ఇదేనని చెప్పుకుంటే నమ్మేవారు లేని స్థితి.

మేముండేది నిషికసాయ్ అనే పేటలో. టోక్యోలో భారతీయులు గుంపుగా స్థిరపడిన చోటు కాబట్టి అక్కడ కందిపప్పుకూ కరివేపాకుకూ లోటుండదు. ఆరేళ్ళుగా జపానులో ఉంటున్నా నింజా అన్న మాటను నేను పిల్లల బొమ్మల దుకాణాల్లోనూ, పర్యాటకుల కోసం పెట్టిన అంగళ్ళలోనూ తప్ప మరెక్కడా పట్టించుకోలేదు. మా ఆఫీసులో పనిచేసే బ్రెజిల్ మిత్రుడొకడు తాను జపానులో ఉద్యోగం వెతుక్కున్నదే ఈ విద్య కోసమని ఒక రోజు భోజనాల దగ్గర చెప్పినప్పుడు, ముందు పరిహాసమనుకున్నాను. ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం విమానాలెక్కి వచ్చి నేర్చుకునే విద్య మా ఇంటికి గంటన్నర రైలు ప్రయాణపు దూరంలో ఉందని అప్పుడే తెలిసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

ఆ చోటు చిబా ప్రిఫెక్చర్‌లోని నోదా పట్టణం. జపానులో ఎవరినడిగినా ఆ ఊరి పేరు చెప్పగానే సోయా సాస్ గుర్తు చేసుకుంటారు. ఒకప్పుడు ఇక్కడి పీపాలు ఎదో అనే పేరుగల నది మీద పడవల్లో నేటి టోక్యో అయిన ఎదో నగరానికి వెళ్ళేవి. 1917లో ఇక్కడి సాస్ తయారీ కుటుంబాలు ఒక్కటై పెట్టిన సంస్థే తరువాత కిక్కోమాన్‌గా ప్రసిద్ధికెక్కింది. నోదాషి స్టేషనులో రైలు దిగగానే గాలిలో ఉడికిన సోయా గింజల వాసన తగులుతుంది. మా అమ్మమ్మగారింట్లో ఉలవచారు పెద్ద కుండలో కాగుతున్నప్పుడు వచ్చే వాసనకు అది దూరపు చుట్టం. మొదటి రోజు దారి అడగడానికి బెరుకుపడుతూ నిలబడిన నాకు ఆ వాసన కాస్త ధైర్యమిచ్చింది.

ఆ ఊళ్ళో ఎముకలు సరిచేసే వైద్యవృత్తిలో ఉన్న హత్సుమి మసాఅకి, 1931లో పుట్టినవారు, నారా ప్రాంతంలో ఉండే తకమత్సు తొషిత్సుగు అనే వృద్ధ గురువు దగ్గరికి సెలవు దొరికినప్పుడల్లా రాత్రి రైలెక్కి వెళ్ళి ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. తకమత్సు 1972లో మరణించిన తరువాత, ఆయన దగ్గర పొందిన తొమ్మిది సంప్రదాయాలను ఒకే కప్పు కిందకు చేర్చి హత్సుమి బుజింకాన్ అనే సంస్థను నడిపారు. ఆ తొమ్మిదింటిలో తొగకురె, గ్యొకుషిన్, కుమొగకురె అనే మూడింటినే నింజుత్సు సంప్రదాయాలుగా లెక్కిస్తారు, మిగతావి యుద్ధవీరుల దేహవిద్యలు. అందుకే ఇప్పుడు ఈ విద్యను ఎక్కువగా బుదో తాయ్‌జుత్సు అని పిలుస్తారు. తాయ్ అంటే ఒళ్ళు, జుత్సు అంటే విద్య. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, నింజాలు విసిరే నక్షత్రాకారపు ఇనుప రేకులు మొదటి వారమే చేతికిస్తారని ఆశపడి ఉండేవాణ్ణి కాదు. నేను చేరింది ప్రధాన డోజోలో (సాధనశాలలో) కాదు. అదే సంప్రదాయంలో దశాబ్దాలుగా సాధన చేసిన ఒక పెద్దాయన ఇరవై చాపల గదిలో, ఆదివారం మధ్యాహ్నాల్లో నేర్పే చిన్న చోట్లో చేరాను. ఆయనను నేను ఇక్కడ సెన్సే అనే పిలుస్తాను, అంటే గురువుగారని.

మొదటి ఆదివారం ఆయన నన్ను రెండే ప్రశ్నలడిగారు. మెడకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, రక్తపోటు ఉందా అని. రెండూ లేవన్నాను. కొత్తవాళ్ళకు దుస్తులు లేకపోయినా ఫరవాలేదన్నారు కాబట్టి వదులుగా ఉండే పైజామా, టీషర్టు వేసుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులను, మొనలు బయటికి ఉండేలా తిప్పి పెట్టాలని పక్కనున్న వయసుమళ్ళిన శిష్యుడు సైగతో చూపించాడు. లోపలికి అడుగు పెట్టేటప్పుడు వంగి నమస్కారం చేయాలి. ఇంతవరకు మన వ్యాయామశాలల్లో మట్టిని కళ్ళకద్దుకునే అలవాటు లాంటిదే కదా అనుకున్నాను.

అందరం వరుసగా మోకాళ్ళ మీద కూర్చున్నాం. దాన్ని వాళ్ళు సెయ్‌జా అంటారు, మనకు వజ్రాసనం. ఎదుట గోడకు చిన్న దేవపీఠం. సెన్సే మాకు వీపు చేసి, దానివైపు తిరిగి కూర్చుని, గంభీరమైన గొంతుతో “శికిన్ హరమిత్సు దైకోమ్యో” అన్నారు. శిష్యులందరూ అదే మాట తిరిగి పలికి, రెండుసార్లు చప్పట్లు కొట్టి వంగారు, మళ్ళీ ఒకసారి కొట్టి వంగారు. నేను సగం ఆలస్యంగా, తప్పుగా, ఒక చప్పట్టు ఎక్కువే కొట్టాను. ఆ నిశ్శబ్దంలో అది మోగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. అంతకన్నా గుర్తున్నది ఆ మాట. హరమిత్సు అంటే మన పారమితే, బౌద్ధంలో పరిపూర్ణతకు చేరిన సద్గుణం, సంస్కృతం నుంచి చీనా మీదుగా జపానుకు నడిచి వచ్చిన మాట. దైకోమ్యో అంటే మహాప్రకాశం. మాది అమరావతికి దగ్గరి పల్లె. బడి పిల్లలుగా స్తూపం దగ్గరికి విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు మాస్టారు దాన పారమిత, శీల పారమిత, క్షాంతి పారమిత అని చెప్తుంటే మేము పులిహోర పొట్లాలు ఎప్పుడు విప్పుతారా అని చూసినవాళ్ళం. ఆ మాట ఇన్నేళ్ళ తరువాత, ఇంత దూరంలో, సోయా వాసన నిండిన గదిలో వినపడింది. నింజా అన్న పేరులోని నిన్ అనే అక్షరం కూడా చిత్రమే. పైన కత్తి అంచు, కింద హృదయం కలిపి రాసిన ఆ అక్షరానికి ఓర్చుకోవడమనీ, దాగి ఉండడమనీ రెండర్థాలున్నాయి. జపాను బౌద్ధ గ్రంథాల్లో క్షాంతి, అంటే ఓర్పు, అనే మాటను ఈ అక్షరంతోనే రాస్తారని ఇంటికి వచ్చాక నిఘంటువులో చూసి తెలుసుకున్నాను.

ఆ ఓర్పు అసలు ఎవరికి కావాలో అరగంటలోనే తెలిసివచ్చింది, ఎందుకంటే తరువాతి అరగంటా, ఆ నెలంతా, నిజానికి ఆ తరువాత నాలుగు నెలల్లో సగం కాలమూ నేను చేసిన పని ఒక్కటే, నేలమీద పడడం. దాన్ని ఉకెమి అంటారు. దెబ్బను ఒంటితో స్వీకరించే పద్ధతి అని దాని భావం. ముందుకు దొర్లడం, వెనక్కి దొర్లడం, పక్కకు జారి పడడం, ముంజేతుల మీద బోర్లా పడడం అని దానిలో రకాలున్నాయి. ముందుకు దొర్లడం చూడ్డానికి పిల్లిమొగ్గలా కనిపిస్తుంది గాని, పిల్లిమొగ్గలో తల నేలకు ఆనించి వెన్నెముక మీదుగా తిన్నగా దొర్లుతాం. ఇక్కడ తల నేలను తాకనే కూడదు. అరచేతి అంచు, ముంజేయి, భుజం వెనుక భాగం, అక్కడి నుంచి వీపు మీదుగా ఏటవాలుగా ఎదుటి వైపు తుంటి, ఈ క్రమంలో ఒక గీత గీసినట్టు ఒళ్ళు నేలను తాకుతూ పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనించి, చూపు మన నడుముకున్న బెల్టు ముడి మీద నిలపాలి.

చెప్పినంత సులువుగా చేయగలిగితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మోకాలి మీద కూర్చుని, చేయి చాపి, తల వంచి, ఇక దొర్లడమే తరువాయి అన్న క్షణంలో నా ఒళ్ళు బిగుసుకుపోయేది. బుర్ర చెప్పిన మాట మెడ వినేది కాదు. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు అక్కడే ఆగిపోయి, చివరికి పక్కకు ఒరిగి, బస్తా పడినట్టు ధబ్బున పడేవాణ్ణి. కుడి భుజం కొన మీద రూపాయి బిళ్ళంత నల్లటి కమిలిన మచ్చ ఏర్పడి, మూడు వారాలకు పసుపుపచ్చగా మారి, మళ్ళీ ఆదివారం నాటికి నల్లబడేది. సెన్సే ఒక్కసారి కూడా తప్పు అనలేదు. చికరా ఒ నుయితె, అంటే బలం తీసేయమని మాత్రం అనేవారు. ఆపైన మో ఇక్కాయ్, ఇంకొకసారి. ఈ రెండు మాటలూ ఆ ఏడాదిలో ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు.

జూడోలో పడేటప్పుడు చేత్తో చాపను గట్టిగా చరచడం చూసి ఉన్నాను. ఇక్కడ దొర్లేటప్పుడు అలా చరచరు. రాతి నేల మీదనో రోడ్డు మీదనో పడవలసి వస్తే చరచిన చెయ్యే విరుగుతుందని, పైగా చప్పుడు చేయడం దాగి ఉండవలసినవాడికి తగదని పెద్ద శిష్యుడు వివరించాడు. అందువల్ల అక్కడ మనం సరిగా దొర్లామా లేదా అన్నదానికి కొలమానం చప్పుడే. సెన్సే కొన్నిసార్లు మాకు వీపు చేసి నిలబడి, దొర్లుతున్నవాళ్ళను చూడకుండా చప్పుడు విని ఎవరి భుజం నేలకు కొట్టుకుందో, ఎవరి మడమ ముందు తగిలిందో చెప్పేవారు. డెబ్భై దాటిన ఆ మనిషి స్వయంగా దొర్లినప్పుడు తతామి చాప మీద పంచె జారినంత చప్పుడయ్యేది.

ఇంకొక చిక్కు ఎవరూ ముందు చెప్పనిది. పెద్దయ్యాక వరుసగా పదిసార్లు దొర్లితే తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. రెండో ఆదివారం పప్పన్నంలో ఆవకాయ, నెయ్యి కలుపుకుని తృప్తిగా తిని వెళ్ళాను. ఏడో దొర్లుడుకు గది అంచున కూర్చుని, గోడమీద కదులుతున్న గడియారం ఆగేవరకు కళ్ళు మూసుకోవలసి వచ్చింది. నాతో పాటు ఆ వారమే చేరిన పాతికేళ్ళ ఆస్ట్రియా కుర్రవాడికి ఇదేమీ లేదు. మూడో వారం నుంచి ఆదివారాల్లో ఉదయం పదింటికి ఇడ్లీలతో సరిపెట్టుకుని, భోజనం రాత్రికి వాయిదా వేశాను. రోజూ ఐదేసిసార్లు మెల్లగా దొర్లుతూ పోతే ఆ వికారం రెండు నెలల్లో తగ్గింది.

ఇంట్లో సాధన కుదరదు. మా అపార్టుమెంటులో చెంచా జారిపడినా కింది ఇంటివారికి వినపడుతుంది. అందుకని మా పాపను తీసుకుని సాయంత్రాలు కసాయ్ రింకాయ్ పార్కుకు వెళ్ళేవాణ్ణి. పచ్చిక మీద ఎనిమిదేళ్ళ పాప నన్ను చూసి ఒక్కసారికే దొర్లింది, పది అడుగుల దూరం వరుసగా దొర్లి లేచి, నాన్నా, నువ్వెందుకు ముందు ఆలోచిస్తావు అని అడిగింది. జవాబు నా దగ్గర లేదు. కుక్కలతో నడకకు వచ్చిన ముసలివాళ్ళు ఆగి చూసి, మర్యాదగా తల వంచి వెళ్ళిపోయేవారు.

ఆ పార్కులోనే మూడో నెల చివర ఒక సాయంత్రం కుడివైపు దొర్లుడు కుదిరింది. ఎలా కుదిరిందో చెప్పగలిగితే బాగుండేది. పాప పిలిచిందని అటు చూస్తూ పరధ్యానంగా వంగాను, లేచి నిలబడి ఉన్నాను, భుజానికి ఏమీ తెలియలేదు. ఆ తరువాత పదిసార్లు చేస్తే రెండుసార్లు అలాగే వచ్చింది.

నిలబడే భంగిమల సంగతి వేరు. వాటిలో నాకు మన పల్లెటూరి చదువు కొంత కలిసివచ్చింది. భంగిమను కమాయె అంటారు. కొత్తవాళ్ళకు మొట్టమొదట చూపించేది ఇచిమొంజి. జపాను అక్షరాల్లో ఒకటి అనే అంకెను అడ్డగీతగా రాస్తారు, ఆ గీతలా శత్రువుకు పక్కవాటుగా నిలబడడమే ఇచిమొంజి. ముందు పాదం వేళ్ళు శత్రువు వైపు, వెనక పాదం దానికి అడ్డంగా, బరువులో ముప్పాతిక వంతు దాకా వెనక కాలి మీద, మోకాళ్ళు లోతుగా వంగి, ముందు చెయ్యి చాపి, రెండో చెయ్యి ముందు మోచేతి మడత దగ్గర. ఐదు నిమిషాలు అలా నిలబడితే వెనక తొడ నిప్పులో పెట్టినట్టుంటుంది. అయినా వెన్ను నిటారుగా ఉంచి మోకాళ్ళు వంచడం నాకు తోటి ఐరోపా శిష్యులకన్నా సులువుగానే వచ్చింది. గొంతుక్కూర్చుని పళ్ళు తోముకున్న బాల్యం, నేలమీద బాసింపట్టు వేసుకుని తిన్న భోజనాలు, తుంటి కీళ్ళలో ఇంకా కొంత మిగిలి ఉన్నాయి కాబోలు. సెయ్‌జాలో పావుగంట కూర్చోవడానికి వాళ్ళు పడే బాధ చూస్తే మాత్రం, దైవం ఎక్కడో ఒకచోట సమం చేస్తాడని కాస్త సంతోషపడిన మాట నిజం.

ప్రతి తరగతిలోనూ మేము తప్పకుండా చేసేవి రెండు సముదాయాలు. ఒకటి సన్షిన్, ఐదు కదలికలు. రెండోది కిహోన్ హప్పో, ఎనిమిది మూల పాఠాలు. ఆ ఐదు కదలికల పేర్లు చి, సుయ్, కా, ఫూ, కూ. పెద్ద శిష్యుడు వాటి అర్థాలు ఇంగ్లీషులో చెప్పబోతుంటే నేనే ఆపి, భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశమే కదా అన్నాను. అతను నేను ముందే చదివి వచ్చానని అనుకున్నాడు. చదవలేదు. పంచభూతాలను అదే వరుసలో చిన్నప్పుడు తాతగారి దగ్గర కంఠస్థం చేసినవాడికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? బౌద్ధంతో పాటు ఈ ఐదూ అక్కడికి చేరాయి. అయితే పేరు తెలిసినంత మాత్రాన కదలిక రాదు. చి అనే మొదటి కదలికలో చెయ్యి వెనక నుంచి ఊయలలా ముందుకు వచ్చి, వేళ్ళ కొసలతో ఎదుటివాడి గొంతు ఎత్తుకు లేవాలి. ఆ చేతిని లేపేది భుజం కాకూడదు, వెనక కాలి నుంచి ముందు కాలికి మారే ఒంటి బరువే లేపాలి. నేను నెలల తరబడి భుజంతోనే లేపాను. ఐదోదైన కూ నాకు అన్నిటికన్నా నచ్చింది. కింద నుంచి వచ్చే దెబ్బను తోసి, ఒక చేతిని హఠాత్తుగా శత్రువు కళ్ళ ముందు పైకెత్తి, అతను అటు చూసే లోపల కింద నుంచి తన్నడం. ఆకాశం అంటే శూన్యం కదా, చూసిన చోట ఏమీ లేకపోవడం. తాతగారు చెప్పిన ఆకాశతత్త్వం కన్నా ఇది నాకు త్వరగా అర్థమైంది.

కిహోన్ హప్పోలోని మణికట్టు మెలిపెట్టే పాఠం దగ్గర నేను దెబ్బ తిన్నాను. తప్పు పూర్తిగా నాదే కాబట్టి వివరంగా చెప్తాను. ఒమొతె గ్యాకు అనే ఆ పాఠంలో ఎదుటివాడు మన కాలరు పట్టుకుంటే, మనం అతని చేతిని పట్టి బయటికి తిప్పుతూ అడుగు వెనక్కి వేస్తాం. అతని మణికట్టు, మోచేయి, భుజం వరుసగా బిగిసి, అతను పడక తప్పదు. ఇద్దరిలో పట్టు వేసేవాణ్ణి తోరి అనీ, దాన్ని స్వీకరించి పడేవాణ్ణి ఉకే అనీ అంటారు. కొత్తవాడు ఎక్కువ కాలం ఉకేగానే ఉంటాడు. ఐదో నెలలో ఒక ఆదివారం, నాకన్నా సన్నగా ఉన్న ఒక జపాను మహిళ నాకు ఈ పట్టు వేసింది. నేను పడిపోవడమేమిటన్న పౌరుషమో, నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామన్న కుతూహలమో, చేతిని బిగబట్టి నిలబడ్డాను. ఆమె బలం పెంచలేదు, ఒక అంగుళం పక్కకు జరిగింది, అంతే. మణికట్టులో చిటుక్కుమంది. నొప్పి తెలిసేసరికే నేలమీద ఉన్నాను, అది కూడా నేర్చుకున్న ఉకెమి ఏదీ లేకుండా. ఆమె నాకన్నా ముందే మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమంటూ వంగుతోంది. క్షమాపణ చెప్పవలసింది నేను. రెండు వారాలు మణికట్టుకు పట్టీ కట్టుకుని ఎడమ చేత్తో టైపు చేశాను. మా ఆవిడ ఆ ఇన్సూరెన్సు ఫైలు బయటికి తీసి బల్లమీద పెట్టింది, ఏమీ అనలేదు.

ఆ రెండు వారాలూ డోజోకు వెళ్ళి గోడ దగ్గర కూర్చుని చూశాను. చూడడం కూడా సాధనే, దానికి మితోరి గెయ్‌కో అని పేరుంది. అంతవరకు నేను తోరి చేతుల్నే చూసేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి ఉకేల కాళ్ళు చూశాను. అనుభవం ఉన్న ఉకే మొండికెయ్యడు, అలాగని ముందుగానే పడిపోడు. పట్టు ఎంతవరకు వచ్చిందో అంతవరకే కదులుతూ, తన మణికట్టును తానే కాపాడుకుంటూ, సందు దొరికితే లేచి ఎదురుదెబ్బ కొట్టగలిగే చోటికి కాలు పెడుతుంటాడు. నేలమీద దొర్లడం నేర్పుతూ నాలుగు నెలలు గడిపిందీ దీని కోసమే. పడడానికి భయపడేవాడు బిగుసుకుంటాడు, బిగుసుకున్న కీలే విరుగుతుంది. ఇది నాకు ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉండవచ్చు. చెప్పినా వినేవాణ్ణా అన్నది వేరే సంగతి.

మణికట్టు బాగయ్యేలోగా వచ్చిన వరుస సెలవుల్లో కుటుంబంతో మియె ప్రిఫెక్చర్‌లోని ఇగా పట్టణానికి వెళ్ళి వచ్చాను. నింజాల పుట్టిళ్ళుగా చెప్పే రెండు ప్రాంతాల్లో ఇగా ఒకటి, కొండల అవతల షిగాలో ఉన్న కోకా రెండోది. 1581లో ఒద నొబునగా అనే యుద్ధప్రభువు భారీ సైన్యంతో ఇగా మీద పడి ఆ లోయను ధ్వంసం చేశాడు. అక్కడి కోట ఉద్యానవనంలో నింజా మ్యూజియం ఉంది. బయటికి మామూలు రైతు ఇల్లులా కనిపించే గడ్డికప్పు ఇంట్లో తిరిగే గోడను, నేల పలకల కింద కత్తి దాచే అరను చూపిస్తే మా పాప మూడుసార్లు మళ్ళీ మళ్ళీ చూపించమంది. నాకు మాత్రం 1676లో ఇగాకు చెందిన ఫుజిబయషి సంకలనం చేసిన బన్సెన్‌షుకాయ్ అనే గ్రంథం గురించిన సమాచారం ఆసక్తి కలిగించింది. అందులో ఎక్కువ భాగం రహస్యంగా చొరబడడం, వేగు నడపడం, వాతావరణం గుర్తించడం, మందుగుండు కలపడం వంటి వాటి గురించే ఉంటుంది. చేతులతో పోరాడడం గురించి చెప్పింది బహు తక్కువ. అసలైన షినోబి (నింజాకు మరో పేరు) పని పోరాటం జరగకుండా తిరిగి రావడమన్నమాట. ఒళ్ళంతా కప్పే నల్ల ముసుగు దుస్తులు నాటకరంగం నుంచి వచ్చిన ఊహ అని చాలామంది చరిత్రకారులు అంటారు. రైతుగానో, సన్యాసిగానో, వర్తకుడిగానో కనిపించడమే వేగులవాడికి మేలు కదా.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తొగకురె సంప్రదాయం దాదాపు ఎనిమిది వందల ఏళ్ళుగా గురుశిష్య పరంపరగా వస్తోందని మా వాళ్ళు చెప్పుకుంటారు. తకమత్సుకు ముందు కాలానికి దానిని నిరూపించే స్వతంత్ర పత్రాలు లేవని జపానులోనే పలువురు పండితులు వాదిస్తారు. నేను ఈ సంగతిని ఒక సాయంత్రం సెన్సేనే అడిగాను, అడగకూడనిది అడిగానేమోనని భయపడుతూనే. ఆయన టీ కప్పు కింద పెట్టి, నీ మణికట్టుకు అది ఎన్నేళ్ళ నాటిదో తెలిసిందా అన్నారు. నవ్వొచ్చింది గాని అది నా ప్రశ్నకు జవాబు కాదు. చరిత్ర ప్రశ్న చరిత్ర ప్రశ్నగానే మిగిలింది. నేను ఆదివారాలు వెళ్ళడం మానలేదు.

ఏడో నెలలో చేతికి మొదటి ఆయుధం వచ్చింది, అదీ కర్ర. హంబో అంటారు, సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, అంటే మన ముసలివాళ్ళు పట్టుకునే చేతికర్రంత. దసరాకు మా ఊరి రామాలయం ముందు కర్రసాము చేసేవాళ్ళను చూసి పెరిగాను కాబట్టి, కర్రను వేళ్ళ మధ్య చక్రంలా తిప్పి చూపించాలన్న కోరిక ఆపుకోలేకపోయాను. ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టుకు నా చెవికే తగిలింది. సెన్సే ఆ విన్యాసం ఎక్కడిదని ఆసక్తిగా అడిగి, ఊరి పేరు రెండుసార్లు పలికి చూసుకుని, ఆ తరువాత కర్రను అసలు తిప్పకుండా, ఊతకర్రలా నేలకు ఆనించి నిలబడమన్నారు. నడవలేని ముసలివాడు నిలబడినట్టు ఉండాలట. ఎదుటివాడు చెయ్యి పట్టగానే కర్ర అతని మోచేతి కింద దూరుతుంది, అంతే, మీటతో బండను లేపినట్టు అతను లేస్తాడు. మా తాతగారు జీవితాంతం అలాంటి కర్ర పట్టుకునే నడిచారు. ఆయన దాన్ని కుక్కలను అదిలించడానికి తప్ప వాడగా చూడలేదు.

ఖర్చు సంగతి అడిగేవారున్నారు కాబట్టి చెప్తాను. నల్లని మందపాటి దుస్తుల జత, తెల్ల బెల్టు, బొటనవేలు విడిగా ఉండే జికతాబి చెప్పులు కలిపి నాకు పదివేల యెన్‌ల పైచిలుకైంది. రైలు ఛార్జీలు తరగతి రుసుముతో దాదాపు సమానం. మందుల దుకాణంలో నొప్పి పట్టీలకు పెట్టింది లెక్క రాయలేదు.

ఈ విద్యలో మొదట తెల్ల బెల్టు, తరువాత తొమ్మిదో క్యూ నుంచి ఒకటో క్యూ వరకు దిగుతూ పోయే మెట్లు, ఆపైన నల్ల బెల్టు, దాని మీద పదిహేను దాకా దాన్‌లు ఉంటాయి. ఐదో దాన్ పరీక్ష మాత్రం విచిత్రమైనది. శిష్యుడు కళ్ళు మూసుకుని సెయ్‌జాలో కూర్చుంటే, వెనక నిలబడిన గురువు వెదురు కత్తిని పైకెత్తి నెత్తి మీదికి దించుతాడు. ఆ దెబ్బను చూడకుండా, వినకుండా గ్రహించి పక్కకు దొర్లి తప్పించుకుంటే ఉత్తీర్ణుడైనట్టు. తప్పించుకోవడానికి చేసేదీ దొర్లడమే. నేను దాన్ని ఒకసారి దగ్గరి నుంచి చూశాను. దాని గురించి అభిప్రాయం చెప్పే అర్హత తెల్ల బెల్టుకు లేదు.

పది నెలలయ్యాక ఒక ఆదివారం తరగతి చివర, పరీక్ష అని చెప్పకుండానే, సెన్సే నన్ను మధ్యలోకి పిలిచి దొర్లమన్నారు. కుడివైపు ఐదుసార్లు, ఎడమవైపు ఐదుసార్లు, వెనక్కి, పక్కకు. తరువాత ఇచిమొంజి, ఐదు కదలికలు, ఒమొతె గ్యాకు. ఆ పట్టుకు ఉకేగా వచ్చింది నా మణికట్టు మెలిపెట్టిన ఆమే. ఆమె నా చేతుల్లో పడిన తీరు చూశాక, పట్టు నేను వేశానా, ఆమె దయతో పడిందా అన్న అనుమానం ఇంకా తీరలేదు. నెల తరువాత ఎర్ర ముద్రలున్న ధ్రువపత్రం వచ్చింది, తొమ్మిదో క్యూ, మగవాళ్ళకు ఆకుపచ్చ బెల్టు. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ జపాను అక్షరాలన్నీ వేలితో కూడబలుక్కుంటూ చదివి, జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇన్సూరెన్సు కాగితాల ఫైలులోనే చేర్చింది.

ఎడమవైపు దొర్లుడు మాత్రం ఇప్పటికీ చప్పుడవుతోంది. మొన్న ఆదివారం సెన్సే వీపు చేసి నిలబడే నా పేరు పిలిచి, మో ఇక్కాయ్ అన్నారు.